అరువిచ్చిన చెయ్యి

డబ్బా అక్కని ఎవరైనా పొగిడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరైనా తిడితే ఇంకా మండుతుంది. పదకొండేళ్ళు ఆవిడతో కలిసి పనిచేశాను కాబట్టి పొగిడినా తిట్టినా ఆ హక్కు నాదేనని నాకో మొండితనం. ఇప్పుడు ఆ రెండు పనులూ చేయబోతున్నాను.

నేను నర్సుని. ఒక పాత మేడ కింది వాటాలో రెండు గదులు మా ఆరోగ్య కేంద్రం. ముందు గదిలో గోడవార బెంచీలు, వెనక గదిలో పరీక్ష బల్ల, మందుల బీరువా, మోకాలితో తోస్తే తప్ప తలుపు పడని చిన్న ఫ్రిజ్. ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళకి సుఖరోగాలు అంటకుండా చూడడం, అంటితే తొందరగా పట్టుకుని నయం చేయడం మా పని. వాళ్ళలో నా పేరు ఎవరికీ తెలియదు. సూదమ్మ అంటారు. మొదట్లో ఉక్రోషం వచ్చేది, తరవాత అలవాటైపోయింది.

డబ్బా అక్క కూడా మా దగ్గరికి రోగిగానే వచ్చింది. పొత్తికడుపు నొప్పితో రెండుగా వంగిపోయి, గోడ పట్టుకుని. అప్పటికి ముప్పై అయిదేళ్ళుంటాయి. చిన్నప్పుడు తల్లితో కలిసి గోనెసంచులు కుట్టింది. పెళ్ళయ్యాక ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీలో అంచులు గీకింది. మొగుడు దుకాణాల బోర్డులు రాసే పెయింటరు. ఏదో బోర్డు రాసొస్తానని వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. ఆ పైయేడు ఫ్యాక్టరీ మూతబడింది. పక్క మిషను మీద పనిచేసినావిడే ఈ దారి చూపించింది. అంతకన్నా నేను గుచ్చి గుచ్చి అడిగితే, "అదేమన్నా పెళ్ళి ముచ్చటా సూదమ్మా, తీరిగ్గా కూచుని చెప్పుకోడానికి?" అనేది.

నయమైన వారానికి నలుగురు ఆడవాళ్ళని రెక్కపట్టి లాక్కొచ్చింది. "వీళ్ళకీ అదే బాధ, సిగ్గుతో చస్తున్నారు. సిగ్గు తరవాత పడొచ్చు, ముందు మందివ్వండి" అంది. మా డాక్టరు అక్కడికక్కడే ఆవిడని పనిలో పెట్టుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగి కండోమ్‌లు ఇవ్వాలి, ఎలా వాడాలో చెప్పాలి, ఒంట్లో తేడా ఉన్నవాళ్ళని మా దగ్గరికి తీసుకురావాలి. మెల్లిగా పాత బతుకు వదిలేసింది. కండోమ్‌లు ఒక గుండ్రటి బిస్కెట్ల డబ్బాలో వేసుకు తిరిగేది. ఆ పేరు అలా వచ్చింది.

కండోమ్ తొడగడం చూపించడానికి మా ఆఫీసు ఒక చెక్క బొమ్మ ఇచ్చింది. దాన్ని పాత గుడ్డలో చుట్టి చంకన పెట్టుకునేది. దానికి ఆవిడ పెట్టిన పేరు అల్లుడు. "లేవండర్రా, అల్లుడుగారొచ్చారు, మర్యాద చెయ్యరూ!" అని గుమ్మంలోంచే కేకేస్తే ఇల్లంతా నవ్వులు. నవ్వులు ఆగేలోపు పాఠం అయిపోయేది. పాకెట్ మీద తేదీ చూడాలి. నొక్కితే లోపల గాలి తగలాలి, తగలకపోతే పారెయ్యాలి. పళ్ళతో చింపకూడదు. నూనె తగిలితే చిరుగుతుంది, రెండు కలిపి తొడిగితే ఇంకా తొందరగా చిరుగుతుంది. తరవాత సబ్బుతో ఎంత తోముకున్నా రోగం పోదు, చర్మం పోతుంది. 'నామీద నమ్మకం లేదా' అని వచ్చినవాడు అలిగితే ఏమనాలో కూడా నేర్పేది. "నమ్మకం ఉండబట్టే కదయ్యా తలుపు తీశాను, అది తొడుక్కుంటే గడియ వేస్తాను అనండే" అనేది. మా డాక్టరు గంటసేపు బొమ్మలు గీసినా బుర్రకెక్కని సంగతి ఆవిడ పది నిమిషాల్లో ఎక్కించేది. ఇది పొగడ్త.

ఇక తిట్టు.

ఆ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. తొడుక్కునేవాడు వచ్చిపోయేవాడు. తొడుక్కోనివాడు సొంతమనిషి. వారానికోసారో నెలకోసారో వచ్చే అలాంటి ఒకడు ప్రతి ఆడదానికీ ఉంటాడు, లేకపోతే ఉంటే బావుండునని ఉంటుంది. వాణ్ణి "మా ఆయన" అంటుంది. వాడొచ్చిన రోజు ఉతికిన దుప్పటి పరుస్తుంది, ఇంకెవరినీ రానివ్వదు, వాడి చొక్కాకి ఊడిన గుండీలు కుడుతుంది. ఇద్దరి మధ్యా ఆ రబ్బరు ముక్క లేకపోవడమే వాళ్ళకి జరిగిన పెళ్ళి. 'ఆయనతో కూడా వాడుతున్నావా' అని అడిగితే 'నీకు మొగుడూ లేడు, మన్నూ లేదు' అని మొహాన కొట్టినట్టే లెక్క. డబ్బా అక్క అందరినీ అన్నీ అడిగేది, ఆ ఒక్కటి అడిగేది కాదు. నేనడగబోతే నా మోచెయ్యి గిల్లేది. "దాని కాపురం జోలికి మనమెందుకు సూదమ్మా?" అనేది. నేనూ ఊరుకునేదాన్ని.

మాకు నాలుగు సందుల అవతల పెద్దమ్మ ఇల్లు. పెద్దమ్మ అంటే ఆ ఇంటి యజమానురాలు. పదిహేను మంది ఆడవాళ్ళు ఆవిడ చెప్పుచేతల్లో ఉండేవారు. మూడు నెలలకోసారి రక్తపరీక్షకి వాళ్ళని మా కేంద్రానికి పంపమంటే కుదరదంది. మీరే రండి అంది. వెళ్తే, బయటివాళ్ళు నా పిల్లల మొహాలు చూడ్డానికి వీల్లేదంది. ఆఖరికి నడవాలో అడ్డంగా ముదురు నీలం తెర కట్టించింది. తెరకి ఇవతల నేను, నా స్టూలు, నా గొట్టాలు. అవతల ఆడవాళ్ళని వరసలో నిలబెట్టడానికి, వాళ్ళకి తెలిసిన మనిషే కాబట్టి, డబ్బా అక్క. అవతల నుంచి చీలికలోంచి ఒక్కో చెయ్యి వచ్చేది, వేళ్ళ మధ్య కార్డు పట్టుకుని. కార్డు మీది పేరు గొట్టం మీద రాసి, జబ్బకి రబ్బరు పట్టీ కట్టి, రక్తం తీసి, దూది అద్దితే ఆ చెయ్యి వెనక్కి వెళ్ళి ఇంకోటి వచ్చేది. గంటలో పదిహేను మందీ అయిపోయేవారు. ఆడవాళ్ళ గోప్యత కాపాడుతున్నామని మా ఆఫీసు పైవాళ్ళకి రాసింది. నేనైతే ఒక మీటింగులో లేచి నిలబడి మరీ చెప్పుకున్నాను.

ఫలితం వచ్చాక కార్డు మీద ముద్ర వేసేవాళ్ళం. అంతా బాగుంటే ఆకుపచ్చ, తేడా ఉంటే ఎరుపు. చదువురాని వాళ్ళకి సులువుగా ఉంటుందని మా ఆఫీసువాళ్ళ తెలివి. చదువొచ్చిన పెద్దమ్మకి అది మరీ సులువైంది. కార్డులన్నీ తన బీరువాలో పెట్టుకుని, ఎరుపు పడినదాన్ని సాయంత్రంలోగా సామానుతో సహా గుమ్మం దిగమనేది. మందేస్తే పోయే రోగమే పెద్దమ్మగారూ అని చెప్పి చూశాను. "మీకేం, మందేసి చేతులు కడుక్కుంటారు. పోయేది నా ఇంటి పరువు" అంది. ఆవిడ నోట పరువు మాట విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ తెరలోంచి వచ్చే చేతుల్లో ఒకటి నాకు చాలా ఇష్టంగా ఉండేది. మోచేతి మడతలో నరం బొటనవేలంత లావున, పట్టీ కట్టకముందే పైకి తేలి ఉండేది. మిగతావాళ్ళ నరాలు వెతుక్కోలేక విసిగిపోయే నాకు అది వస్తే ప్రాణం హాయిగా ఉండేది. ఒకే పూట అలాంటి నరం మూడు నాలుగు సార్లు వచ్చేది. ఒకసారి ఎడమచెయ్యి, ఒకసారి కుడిచెయ్యి. గాజులు మారేవి, కార్డు మారేది. ఒక రోజు ఆ మడతలో అప్పుడే గుచ్చినట్టు ఎర్రటి చుక్క కనిపించింది. దోమ కుట్టి ఉంటుందనుకున్నాను. ఇరవయ్యేళ్ళుగా మనుషుల చేతుల మీద అవే చుక్కలు పెడుతున్నదాన్ని, దోమ అనుకున్నాను.

నాలుగేళ్ళ కిందట ఆ ఇంటికి పొట్టిది వచ్చింది. కిటికీ గడియ అందక బకెట్ బోర్లించి ఎక్కుతుందని ఆ పేరు పెట్టారు. డబ్బా అక్కకి దానిమీద వల్లమాలిన ప్రేమ. మా కేంద్రంలో కూచుని పొట్టిది అలా అంది, పొట్టిది ఇలా చేసింది అని చెప్పేది. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయిట. లారీలు బాగుచేసే మెకానిక్ ఒకడు దాని మనిషిట. వాడి గోళ్ళలో గ్రీజు అగ్గిపుల్లతో తీస్తుందిట. అన్నిటికన్నా దానికి పిల్లలంటే పిచ్చిట. ఇవన్నీ నేను విన్నవే. పెద్దమ్మ మా కేంద్రానికి పంపదు కాబట్టి దాని మొహం నేను చూసింది లేదు, తెరలోంచి కార్డే వచ్చేది.

పొట్టిది కడుపుతో ఉందని మొదటిసారి చెప్పినప్పుడు డబ్బా అక్క మొహం వెలిగిపోయింది. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. మరుసటేడు మళ్ళీ నిలిచింది. ఈసారి ఎనిమిదో నెలలో కాన్పయింది, బిడ్డ ఒకటిన్నర రోజు బతికింది. అరిచేతుల చర్మం పొరలుగా ఊడిపోయిందని అక్క తరవాతెప్పుడో అంది. నేను ఆ మాట దగ్గర ఆగవలసింది. కానీ ప్రసూతి ఆసుపత్రి వాళ్ళు పెద్దమ్మ ఇచ్చి పంపిన కార్డు చూశారని, ముద్ర ఆకుపచ్చగా ఉంటే మళ్ళీ పరీక్ష ఎందుకని వదిలేశారని, రక్తం తక్కువై పోయి ఉంటుందన్నారని ఆవిడే చెప్పింది. కార్డు మీద సంతకం నాదే. కాబట్టి నేనూ రక్తం తక్కువే అనుకున్నాను. రెండు సార్లూ గొయ్యి దగ్గరికి డబ్బా అక్కే వెళ్ళింది.

మూడోసారి కడుపు నిలిచాక పొట్టిది ఎవరికీ చెప్పలేదు. నాలుగో నెల దాటాక గాని అక్కకి కూడా తెలియలేదు. "ఇది కూడా పోతే నేనుండనక్కా" అందిట. నాతో ఆ మాట చెబుతూ అక్క డబ్బా మూత తీస్తూ వేస్తూ కూచుంది.

ఆరో నెలలో ఒక పొద్దున ప్రసూతి ఆసుపత్రి డాక్టరమ్మ ఫోను చేసింది. గొంతులోనే తెలిసిపోయింది, నన్ను నమలడానికి సిద్ధంగా ఉందని. పొట్టిదానికి రక్తం బాగా తగ్గింది, ఎక్కించాల్సి వస్తుందేమోనని గ్రూపు చూశారట. బి అని వచ్చిందట. "మీ కార్డులో ఓ అని రాసుంది. మనిషి రక్తం మారిపోతుందా అమ్మా? అక్కడ మీరు చేస్తున్నది ఉద్యోగమా, కాలక్షేపమా?" అంది. గొట్టాల మీద పేర్లు తారుమారై ఉంటాయనుకున్నాను. డబ్బా అక్క అప్పుడే లోపలికొస్తోంది. ఉన్న కోపమంతా ఆవిడ మీద పోశాను. పొట్టిదాన్ని వెంటనే తీసుకురా, రక్తం మళ్ళీ తీయాలి, పెద్దమ్మ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా సరే అని అరిచాను.

ఆవిడ కదల్లేదు. డబ్బా బెంచీ మీద పెట్టి, "గ్రూపు తప్పయితే లోపలి బిడ్డకేమన్నా ప్రమాదమా?" అంది.

"గ్రూపుదేముంది, సరిచేసుకోవచ్చు. కానీ అది వేరేవాళ్ళ రక్తమైతే పరీక్ష కూడా వేరేవాళ్ళదే కదా. అప్పుడు దీనికి సవాయి ఉందో లేదో ఎవరికి తెలుసు? ఉంటే ముందు రెండు కాన్పులూ..." అని నేను ఆగిపోయాను.

సవాయి అంటే సిఫిలిస్. ఆడదానికి అది చాలాసార్లు పైకేమీ కనిపించదు. నొప్పి ఉండదు, పుండు వచ్చినా దానంతటదే మానుతుంది. లోపలి బిడ్డని మాత్రం వదలదు. ఈ మాటలు అల్లుణ్ణి చేత్తో పట్టుకుని అక్క వంద సార్లు చెప్పినవే.

ఆవిడ వెనక గదిలోకి వచ్చి, గాజులు పైకి తోసుకుని రెండు చేతులూ నా బల్ల మీద పెట్టింది. ఆ నరం నాకు తెలుసు.

"ఈ చెయ్యే సూదమ్మా. మొదటి పరీక్షప్పుడు పొట్టిది నా కాళ్ళు పట్టుకుంది. అంతకుముందున్న ఇంట్లో ఎర్ర ముద్ర పడ్డ పిల్లని వానలో బయటికి తోసేశారుట, అది కళ్ళారా చూసిందిట. ఈ ఒక్కసారీ నీ చెయ్యి పెట్టక్కా అంది. పెట్టాను. తరవాత ప్రతిసారీ పెట్టాను. ఇంకో తొమ్మిది మందికి కూడా అప్పుడప్పుడూ పెట్టాను."

"బుద్ధుందా నీకు? ఊరందరికీ పాఠాలు చెప్పేదానివి!"

"పాఠం వాళ్ళు నేర్చుకున్నారనే పెట్టాను. పొద్దున్నే చెత్తబుట్టలు చూసేదాన్ని. వాడి పడేసినవి లెక్కపెడితే ఒక్కటి తక్కువ కాలేదు. ఇంత జాగ్రత్తగా ఉన్నవాళ్ళకి రోగమేంటి, ఉత్తి భయమే కదా, ఆ భయం కోసం కూడు పోగొట్టుకోడం ఎందుకని..."

"మెకానిక్?"

ఆవిడ తల వంచుకుంది. అది ఆవిడ ఎప్పుడూ అడగని ప్రశ్న.

నోటికొచ్చినట్టల్లా తిట్టాను. అందులో కొన్ని మాటలు తోటి మనిషిని అనకూడనివి. ఆవిడ అడ్డం రాలేదు. నేను ఆయాసపడి ఆగాక, "తిట్టడం అయిందా? ఇప్పుడు మందేస్తే బిడ్డ దక్కుతుందా, అది చెప్పండి" అంది.

దక్కొచ్చు అన్నాను. కాన్పుకి నెల ముందే మందు పడాలి, ఇంకా టైముంది అన్నాను. ఆవిడ డబ్బా కూడా తీసుకోకుండా పరిగెత్తింది.

గంటలో పొట్టిదాన్ని తీసుకొచ్చింది. పెద్దమ్మకి ఏం చెప్పిందో నాకు తెలియదు. పదిహేను సార్లు గొట్టం మీద పేరు రాసిన మనిషి మొహం అదే మొదటిసారి చూడడం. చిన్న మొహం, కళ్ళ కింద నలుపు, కడుపు మీద రెండు చేతులూ. సన్నటి చెయ్యి, నరం ఎక్కడుందో తెలియదు. మూడుసార్లు గుచ్చాను. ఇరవై నిమిషాల్లో ఫలితం తెలిసింది. సవాయి ఉంది.

దానికి మందు పెన్సిలిన్ సూది, తుంటికి రెండు వైపులా వెయ్యాలి. గడ్డ కట్టినట్టు నొప్పి పుడుతుంది. వారానికొకసారి, మూడు వారాలు. ముందు ఒక చుక్క ఎక్కించి ఒంటికి పడుతుందో పడదో చూసి మొదటిది వేశాను. పొట్టిది అక్క భుజం కొరికి ఓర్చుకుంది. వెళ్ళబోతూ నా చెయ్యి పట్టుకుని, "ఇది బతుకుతుందా అమ్మా?" అంది. బతకాలి అన్నాను. ముందు ఇద్దరి సంగతీ దానికి తట్టలేదు. అక్కకి తట్టిందని ఆవిడ మొహమే చెబుతోంది. పొట్టిది బయట బెంచీ మీద కూచున్నప్పుడు నేను మెల్లిగా, ఆ సంగతి కాన్పయ్యేదాకా ఎత్తకు, అడిగితే నేను చూసుకుంటాను అన్నాను. ఆవిడ సరే అంది.

మెకానిక్‌కి కూడా సూది పడకపోతే ఇదంతా దండగ. వాడితో చెప్పొద్దని పొట్టిది గోలపెట్టింది. "వదిలేస్తాడక్కా నన్ను" అంది. అక్క వినలేదు. నన్ను కూడా తీసుకుని మధ్యాహ్నం వాడి షెడ్డుకి వెళ్ళింది. వాడు లారీ కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. అక్క ఒక పాత టైరు మీద కూచుని ఆ కాళ్ళతోనే మాట్లాడింది.

"నాకేం రోగం లేదు. నేను బాగానే ఉన్నాను" అన్నాడు వాడు లారీ కిందనుంచి.

"నేనూ అలాగే అనుకున్నాను నాయనా. అందుకే రెండు గోతులు తవ్వించాను. మూడోది కూడా తవ్వమంటావా?"

రెంచీ నేల మీద పడ్డ చప్పుడైంది. తరవాత వాడు బయటికొచ్చి చేతులు తుడుచుకుని మా వెంట నడిచాడు. సూది చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రెండో వారం కూడా వచ్చాడు. మూడో వారం షెడ్డులో వాడు లేడు, పని మానేసి వెళ్ళిపోయాడన్నారు. పొట్టిదానికి ఆ మాట చెప్పింది కూడా డబ్బా అక్కే. "పోతే పోయాడులే" అంది పొట్టిది. ఆ రాత్రంతా దానికి నిద్రలేదని మర్నాడు అక్క అంది.

మిగిలిన తొమ్మిది మందినీ అక్క ఒక్కొక్కరినే పెరట్లోకి పిలిచి చెవిలో చెప్పింది. మీ కార్డులో ఉన్నది నా రక్తం, వెళ్ళి మీది ఇవ్వండి అంది. ఆ ఇంట్లో చెవిలో చెప్పిన మాట సాయంత్రానికి డాబా ఎక్కుతుంది. పెద్దమ్మకి తెలిసింది. డబ్బా వీధిలోకి విసిరి, మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానంది. పొట్టిదాన్ని బట్టల మూటతో సహా వెనకాలే పంపేసింది. ఆడవాళ్ళు కూడా అక్కవైపు లేరు. సాయం చేశానని ఇన్నాళ్ళూ చెప్పి ఇప్పుడు గుట్టు రట్టు చేసింది అన్నారు. ఒకామె మొహాన ఉమ్మింది కూడా. ఆ తొమ్మిది మందిలో ఆరుగురు దొంగచాటుగా మా దగ్గరికి వచ్చారు. ఇద్దరికి రోగం బయటపడింది, మందేశాం. ముగ్గురు రానే లేదు, వాళ్ళు ఇప్పుడెక్కడున్నారో నాకు తెలియదు. మా ఆఫీసు రంగుముద్రలు మాన్పించింది. కార్డులు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండాలని కాయితం పంపింది. కాయితం వచ్చేసరికి మాకు ఆ ఇంటి తలుపులు మూసుకుపోయాయి.

పొట్టిది అక్క గదిలోనే ఉండేది. ఒక మంచం, ఒక స్టవ్, కిటికీ బయట నీళ్ళ డ్రమ్ము. మంచం దానికిచ్చి అక్క కింద పడుకునేది. ప్రతి ఉదయం లేవగానే దాని కడుపు మీద చెయ్యి వేసి, లోపలి బిడ్డ కదిలేదాకా తీసేది కాదుట. ఒకరోజు ఎంతసేపటికీ కదల్లేదని దాన్ని నడిపించుకుంటూ మా కేంద్రానికి తెచ్చింది. నేను పొట్ట మీద చెవిగొట్టం పెట్టి వాళ్ళిద్దరికీ గుండె చప్పుడు వినిపించాను. చప్పుడు విన్నాక అక్క బయటికెళ్ళి కుళాయి దగ్గర వాంతి చేసుకుంది. అప్పటికి ఆవిడ సగానికి చిక్కిపోయింది. ఇళ్ళలోకి రానివ్వక డబ్బా నిండుగానే తిరిగొచ్చేది. "అల్లుడికి ఈమధ్య మర్యాదలు తగ్గాయి సూదమ్మా" అని నవ్వబోయేది, నవ్వు వచ్చేది కాదు.

తొమ్మిదో నెలలో పొట్టిది ఆడపిల్లని కంది. బరువు తక్కువే గాని ఏడ్చింది, పాలు పట్టింది. డాక్టరమ్మ పదిరోజులు అక్కడే ఉంచి చూద్దామంది. బిడ్డ రక్తం పరీక్షకి పంపారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఫలితం వచ్చింది, ఏమీ లేదు. ఆ కాయితం నేనే తీసుకుని వార్డులోకి వెళ్ళాను. అక్క మంచం అంచున కూచుని ఉంది. విషయం చెప్పగానే రెండు చేతులూ మొహానికి కప్పుకుంది. పొట్టిది నవ్వింది. కళ్ళు నిజంగానే మూసుకుపోయాయి. ఆ నవ్వు నాకు చెప్పలేనంత సంతోషం కలిగించింది. కాసేపు నేను కూడా మంచిదాన్నే అనిపించింది.

పొట్టిది బిడ్డ అరిచెయ్యి విప్పి చూసింది. చర్మం నున్నగా ఉంది. అలా చూస్తూ చూస్తూ ఉండగా దాని నవ్వు మెల్లిగా పోయింది.

"సూదమ్మా, నాకేసినవి మూడే కదూ?"

"మూడే."

"ముందు ఇద్దరికీ కూడా మూడేనా?"

నా నోట్లో అబద్ధం సిద్ధంగా ఉంది. ఒక్కో కాన్పు ఒక్కోలా ఉంటుందమ్మా, అలా చెప్పలేం అని. డబ్బా అక్క నన్ను ఆ మాట అననివ్వలేదు.

"మూడు కూడా అక్కర్లేదే. మొదట్లోనే తెలిసుంటే ఒక్కటి సరిపోయేదిట. నా చెయ్యి పెట్టబట్టి తెలీలేదు. నీ పిల్లలిద్దర్నీ నేనే పొట్టన పెట్టుకున్నాను."

పొట్టిది ఏడుస్తుందనుకున్నాను, లేదా మీద పడి కొడుతుందనుకున్నాను. అది బిడ్డ మూతి తుడిచి, "పెట్టమని అడిగింది నేను కదక్కా" అంది.

"అడిగితే మాత్రం? నువ్వు చిన్నదానివి. నాకుండొద్దూ బుద్ధి?"

"ఆయనతో వాడట్లేదని నేను నీకు చెప్పలేదు."

"నేనడగలేదు."

"అడిగినా చెప్పేదాన్ని కాదు. తప్పు నాదేనక్కా. నాకు నా చెయ్యి లేదూ?"

"నోర్ముయ్యవే. నాది. అంతా నాది."

ఇద్దరి గొంతులూ పెరిగాయి. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూస్తున్నారు. బిడ్డ లేచి ఏడుపు మొదలుపెట్టింది, వాళ్ళకి వినపడలేదు. ఆ తప్పు నాదంటే నాదని వాళ్ళిద్దరూ వెక్కివెక్కి ఏడుస్తూ పోట్లాడుకుంటున్నారు. పదిహేను సార్లు ఆ చెయ్యి నా చేత్తో పట్టుకుని, ఆ నరాన్ని గుర్తుపట్టి కూడా కార్డు మీది పేరే రాసుకున్నదాన్ని, రిపోర్టు కాయితంతో మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. అందులో నాదీ ఉందని ఆ గదిలో నేను అనలేదు.